కరీం బాషా కొట్టు తాళంచెవి

"ఆ మాట మళ్ళీ చెప్పు నూకాలూ. సాయిబుగారు ఏమన్నారో అదే చెప్పు. నీ సొంతం ఏమీ కలపకు."

నూకాలు గొంతు సవరించుకున్నాడు. యారాడలో ఇరవయ్యేళ్ళుగా పడవ నడుపుతున్న సరంగు. తుపానులో కూడా జంకని మనిషి, ద్వారకా నగర్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ పైనున్న ఆ చిన్న గదిలో డిటెక్టివ్ అర్జునరావు ఎదుట చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏటి సెప్పమంటారు బాబూ. మొన్న గురవారం కాదు, ఆ ముందల గురవారం. లంగరు తాడు కోసం కొట్టుకి ఎల్లినాను. సాయిబుగోరు తాడు తూసి ఇచ్చినారు. ఇచ్చి, 'ఉండు నూకాలూ, నువ్వు సాచ్చికం' అన్నారు. మనవరాలు గజాలమ్మని పిలిసినారు. 'ఈ కొట్టూ, పైన ఇల్లూ ఇప్పుడే నీకిచ్చేశాను, తీసుకున్నావా?' అన్నారు. ఆ గుంట 'తీసుకున్నాను దాదా' అన్నాది. అప్పుడు జేబులోంచి ఇత్తడి తాళంచెవి తీసి ఆ గుంట సేతిలో ఎట్టినారు."

"టైమెంత?"

"ఐదుంపావు అయుంటాది. ఐదున్నర బస్సుకి నానెలిపోనాను."

"నువ్వెళ్ళాక ఆ తాళంచెవి ఆయన వెనక్కి తీసుకున్నాడా?"

"నాకెలగ తెలుత్తాది బాబూ?" నూకాలు తల గోక్కున్నాడు. "కానీ ఒకటి సెప్పాల. ఆ తాళంచెవి సాయిబుగోరు ఎవలకీ ఒగ్గీవోరు కాదు. పగలు ఎవల సేతికిచ్చినా, కొట్టు కట్టీయేలకి తీసీసుకునీవోరు. ఆ తాళంకప్ప మొండిది. ఆయన తిప్పితే తప్ప పడీది కాదు."

అర్జునరావు పెన్ను మూసేశాడు. ముసలాయన అలవాటు ఒక్కటే వచ్చి కేసు పీక మీద కూర్చుంది.

కరీం బాషా పాత ఊళ్ళో తాళ్ళ వ్యాపారి. పడవలకి తాళ్ళూ, లాంతర్లూ అమ్మేవాడు. ఎవరికి ఏ తాడు అమ్మినా బరువు, రకం, తేదీ వేసి చీటీ రాసిచ్చేంత పద్ధతి గల మనిషి. మూడేళ్ళ కిందట పెద్ద కొడుకు పోయాడు. కోడలు చాంద్ సుల్తానా, డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న మనవరాలు గజాలా ఆయన నీడలోనే ఉండిపోయారు. వాళ్ళ ధర్మశాస్త్రం ప్రకారం ఇంకో కొడుకు బతికి ఉంటే, ముందే పోయిన కొడుకు పిల్లలకి తాత ఆస్తిలో వాటా రాదు. ఆ సంగతి కరీం బాషాకి బాగా తెలుసు. అదే శాస్త్రం తాతకి దారులూ చూపించింది. వీలునామా రాస్తే మూడో వంతు దాకా మనవరాలికి ఇవ్వచ్చు. బతికుండగా దానం చేస్తే మొత్తం ఇవ్వచ్చు, దానికి కాగితం కూడా అక్కర్లేదు. ఇచ్చానని ఆయన అనాలి, తీసుకున్నానని ఆమె అనాలి, సొత్తు ఆమె స్వాధీనమవ్వాలి. మొదటి రెండూ నూకాలు విన్నాడు. మూడోది ఆ తాళంచెవి.

మరి మూడేళ్ళూ ఏం చేసినట్టు? రంజాన్ వెళ్ళాక రాస్తానన్నాడు. రంజాన్ మూడుసార్లు వెళ్ళింది. ప్లీడరు గుమాస్తా రెండుసార్లు కాగితాలు పట్టుకొస్తే టీ తాగించి పంపించేశాడు. వీలునామా రాయడమంటే చావుకి కబురు పెట్టినట్టుంటుందట! తాడు కొన్నవాడికల్లా చీటీ రాసిన చెయ్యి, కన్న కొడుకు కూతురి కోసం ఒక్క వాక్యం రాయలేకపోయింది. తలుచుకున్నప్పుడల్లా అర్జునరావుకి పోయినవాడి మీద ఒళ్ళు మండిపోయేది.

చివరికి నోటితో ఇచ్చాడు. ఆ రాత్రే కొట్టులో పోయాడు. కోడలు పొద్దుటే బంధువుల పెళ్ళింటికి వెళ్ళింది, సాయంత్రం గజాలా కూడా వెళ్ళి తల్లిని కలిసింది. ఆ సందులో ఎక్కువ గోడౌన్లే, ఆరు దాటితే మనిషి ఉండడు. శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి కొట్టు తీయలేదని కబురందుకుని రెండో కొడుకు షానవాజ్ వచ్చి తలుపులు పగలగొట్టాడు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు, తొమ్మిదీ పదీ మధ్య అన్నారు. లోపల గడియ వేసుకుని ఉన్నాడని షానవాజ్ చెబితే పోలీసులు అలాగే రాసుకున్నారు. జేబులో కళ్ళజోడు, తస్బీ జపమాల, అగరుబత్తి ప్యాకెట్టు దొరికాయి. తాళంచెవి లేదు, తాళంకప్పా లేదు.

సోమవారం పొద్దున్న పదింటికల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలని షానవాజ్ వదినకి చెప్పేశాడు. ఆవిడ వచ్చి అర్జునరావుకి కేసు అప్పజెప్పింది. ఈరోజు శనివారం. అడగడానికి మిగిలింది గజాలా ఒక్కతే. ఆ అమ్మాయి తాత పోయిన రోజు నుంచీ జ్వరంతో ముడుచుకుపోయి, ఎవరితోనూ పెదవి కదపడం లేదు.

* * *

పదకొండింటికి అర్జునరావు కొట్టు దగ్గర స్కూటర్ ఆపాడు. లోపల కరీం బాషా స్టూలు మీద కాలు మీద కాలేసుకుని ఒక మనిషి కూర్చున్నాడు. ఒళ్ళో నల్ల రెక్సిన్ సంచి.

"రా బావా! నీకోసమే కూసున్నాను. సూసుకో. ఎంతసేపైనా సూసుకో. షానవాజ్ పర్మిషన్ ఇచ్చీసినాడు."

పోలిరాజు. ఇద్దరూ ఒకే ఏడాది ఎస్సైలుగా చేరారు. అర్జునరావు కోపంతో ఖాకీ వదిలేస్తే, పోలిరాజు సస్పెన్షన్‌తో వదిలాడు. ఇప్పుడు ఇద్దరికీ డిటెక్టివ్ బోర్డులున్నాయి. పోలిరాజు బోర్డు పెద్దది.

"షానవాజ్ నిన్నెందుకు పెట్టుకున్నాడు? ఆస్తి తనదే అంటున్నాడుగా?"

"నువ్వు దూరినావని తెలిసి పెట్టుకున్నాడు. నీ వల్లే నాకీ బేరం. టీ సెప్పీదా?"

అర్జునరావు తలుపులు చూస్తున్నాడు. నీలం రంగు వేసిన పాత టేకు చెక్క, రెండు రెక్కలు. ముందు లోపలి గడియ పట్టుకుని తోశాడు. కదల్లేదు. రెండు చేతులతో తోశాడు. తుప్పు రాలిందే కానీ గడియ వెంట్రుకవాసి జరగలేదు. అది దూరాల్సిన కన్నంలో సాలీడు తీరిగ్గా కాపురం పెట్టి ఉంది.

"గడియ వేసి ఎన్నేళ్ళయిందంటావు పోలిరాజూ?"

పోలిరాజు నవ్వాడు కానీ ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు.

"గడియ వేసున్న తలుపు పగలగొడితే గడియ ఊడాలి. ఇది ఊడలేదు సరికదా, కదలను కూడా లేదు." అర్జునరావు బయటికొచ్చి గొళ్ళెం చూశాడు. గునపం పెట్టి మెలితిప్పితే వంగినట్టు వంగిపోయి ఉంది. చుట్టూ చెక్క కొత్తగా చిట్లింది. "పగిలింది బయట. అంటే తాళం బయట వేసి ఉంది. షానవాజ్ పోలీసులకి అబద్ధం చెప్పాడు."

"ఇంకా సూడు బావా. కంగారెందుకు?"

ఆ మాట అన్న తీరు అర్జునరావుకి నచ్చలేదు. అయినా చూశాడు. తాళ్ళు తూచే పెద్ద త్రాసు పక్కన రాళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. ఐదు కిలోలు, రెండు కిలోలు, అరకిలో. కిలో రాయి లేదు. అంత పద్ధతి గల మనిషి దుకాణంలో వరసలో ఒక రాయి తప్పిపోదు. వంగి వెతికితే తలుపు వెనక కొబ్బరి పీచు తాళ్ళ చుట్టల సందులో దొరికింది. దాని అంచుకి నీలం రంగు అంటుకుని ఉంది.

నెమ్మదిగా తలుపు రెక్క మూసి లోపలివైపు చూశాడు. పైన ఏమీ లేదు. కింద, మోకాలెత్తులో చెక్క నిండా గుంటలు. పది కాదు, ఇరవై కాదు. కొన్ని లోతుగా ఉన్నాయి, కొన్ని గీతల్లా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ లోతు తగ్గిపోయింది.

నేల మీద కూర్చున్న మనిషికి అందే ఎత్తు అది.

అర్జునరావు రాయి కింద పెట్టేశాడు. శవాలు చూసినవాడే, తలకాయలు లేనివి కూడా చూశాడు. ఈ గుంటలు చూడలేకపోయాడు. గుండె పట్టుకుని నేల మీద కూలబడిన డెబ్బయ్యేళ్ళ మనిషి, కిలో రాయితో తన కొట్టు తలుపునే బాదుతూ, కొట్టు కట్టే వేళ నుంచి మూడు గంటలు బతికాడు.

కానీ పోలీసు బుర్ర ఒకటుంటుంది, అది ఎక్కడా ఆగదు. అది అప్పుడే లెక్క తేల్చేసింది.

"పోలిరాజూ, విను. ఆయన లోపల ఉన్నాడు. తాళం బయట పడింది. ఆయన జేబులో తాళంచెవి లేదు. అంటే ఆయన ప్రాణం పోయే వేళకి తాళంచెవి ఇంకొకరి చేతిలో ఉంది. వెనక్కి తీసుకోలేదు! మొదటిసారి ఆ అలవాటు తప్పాడు ముసలాయన. స్వాధీనం జరిగింది, దానం పూర్తయింది. ఈ కొట్టు గజాలాది!"

పోలిరాజు తీరిగ్గా సంచి జిప్పు తీశాడు.

"గెలిసీసినావు బావా. మరి ఆ తాళం ఏసిందెవలో కూడా నువ్వే సెప్పీ."

అర్జునరావు నోరు తెరిచాడు. తాళంచెవి ఎవరి చేతిలో ఉందో, తాళం వేసిందీ వాళ్ళే.

సంచిలోంచి అరిచేయంత ఇత్తడి తాళంకప్ప తీసి త్రాసు పళ్ళెంలో పెట్టాడు పోలిరాజు. "శుక్రవారం పొద్దున్న షానవాజ్ గొళ్ళెం ఒంచి ఊడదీసింది ఇదే. లోన తండ్రిని సూసినాడు, బయట తాళం సూసినాడు. కొట్టు కట్టింది అన్న కూతురే అని ఆడికి తెలుసు. గబుక్కున కప్ప దాసీసి, లోన గడియుందని పోలీసులకి సెప్పినాడు. ఆడు దొంగ కాదు బావా. ఆ గుంట బతకాలనే సేసినాడు."

"కొట్టు లాక్కోవడం కూడా ఆ గుంట కోసమేనా?"

"అది ఏరే. సట్టం ఇచ్చింది తీసుకుంతన్నాడు. ముసిలోడు ఒక్క కాయితం రాసుంటే ఆడు మాత్రం ఏటి సేసీవోడు? తాళంతో పనేటి, సాచ్చికంతో పనేటి?" పోలిరాజు గొంతు తగ్గించాడు. "ఇప్పుడు నీ పని ఏటో సెప్పనా? సోమవారం పదింటికి ఇల్లు కాళీ సేయించు. మద్దేనం ఈ కప్ప హార్బర్‌లో పడేత్తాను. లేదా కోర్టుకెక్కించు. బోనులో ఆ పిల్లని మా వకీలు ఒక్కటే అడుగుతాడు. తాళం ఏసే ముందు మీ తాత లోపలున్నాడో లేడో సూసినావా అని. ఆ పైన నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని కేసు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. తట్టుకుంటాదా?"

"సిగ్గులేదూ నీకు?"

"ఉంది. అందుకే ముందు నీకు సెప్తన్నాను."

అర్జునరావు చెయ్యి లేచింది. ఒకప్పుడైతే పోలిరాజు పళ్ళు రాలేవి. ఆ చెయ్యి గాల్లో ఆగి, ఏం చెయ్యాలో తెలియక జేబులోకి వెళ్ళిపోయింది. అతను ఒక తాళ్ళ చుట్ట మీద కూలబడ్డాడు. దొంగ దొరికితే పట్టుకోవచ్చు, అబద్ధం దొరికితే చీల్చచ్చు. ఇక్కడ దొంగా లేడు, హత్యా లేదు. దొరికిన నిజాన్ని ఏం చేసుకోవాలో తోచలేదు.

* * *

పైనున్న ఇంటికి పక్క మెట్లెక్కుతూ అతను ఒక నిర్ణయానికొచ్చాడు. అబద్ధం చెప్పాలి. తాళంచెవి దొరకలేదమ్మా, కేసు నిలబడదు, ఇల్లు వెతుక్కోండి అనాలి. ఇరవై రెండేళ్ళ డిటెక్టివ్ బతుకులో నిజం దాచడానికి ఒకరి గుమ్మం ఎక్కడం ఇదే మొదటిసారి.

చాంద్ సుల్తానా తలుపు తీసింది. గదిలో సగం సామాను మూటలు కట్టి ఉంది, సగం విప్పి ఉంది. ఆశ పుట్టినప్పుడల్లా విప్పుతున్నట్టుంది. "రండి సార్. ఏమైనా తెలిసిందా? ఉండండి, ముందు చాయ్ తెస్తాను. ఎండనపడి వచ్చారు." జవాబు వినడానికి భయపడ్డట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కిటికీ పక్కన మంచం మీద గజాలా కూర్చుని ఉంది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, చున్నీ చుట్టుకుని, కుడి పిడికిలి బిగించుకుని ఉంది. వేళ్ళ చివర పెళ్ళింట్లో పెట్టుకున్న గోరింటాకు వెలిసిపోతోంది.

"తలుపు మీద గుంటలు చూశారా అంకుల్?"

వారం దాటాక ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట అది. అర్జునరావు మెట్ల మీద కూడబలుక్కున్న అబద్ధమంతా పనికిరాకుండా పోయింది.

"నీకు... తెలుసా తల్లీ?"

"శుక్రవారమే తెలుసు. చాచా గడియ అని చెబుతుంటే నేను జనం వెనకాలే నిలబడ్డాను. ఆ తలుపు నేను తాళం వేసిన తలుపు." గొంతు పొడిగా ఉంది, ఏడుపు లేదు. "ఇవాళ్టి నుంచి కొట్టు నువ్వే కట్టాలి, నేను దర్గాకి పోతున్నానని దాదా బయల్దేరారు. నేను సందులోకి వెళ్ళి ఎండకి కట్టిన టార్పాలిన్ మడతపెడుతున్నాను. అగరుబత్తులు మర్చిపోయి వెనక్కి వచ్చినట్టున్నారు. నేను అటు తిరిగి ఉన్నాను. మసీదులో అజాన్ అవుతోంది, ఇంకేమీ వినపడలేదు. తాళం మూడుసార్లు తిప్పినా పడలేదు. నాలుగోసారి పడింది. అబ్బ, ఎంత సంతోషమేసిందో! దాదాకి చెప్పాలనుకున్నాను. ఆటో ఎక్కి పెళ్ళికి పోయాను."

"అమ్మా, నీ తప్పు..."

"ఆయన తలుపు కొడుతున్న టైముకి నేను మెహందీ పెట్టించుకుంటున్నాను అంకుల్."

అర్జునరావు చూపు ఆ గోరింటాకు వేళ్ళ మీదికి పోయింది.

గజాలా పిడికిలి విప్పింది. వెలిసిన గోరింటాకు మీద బొటనవేలంత ఇత్తడి తాళంచెవి. పట్టుకుని పట్టుకుని అరిచేతిలో అచ్చు పడింది. "దీన్ని సముద్రంలో పారేయండి. అమ్మీకి చెప్పకండి. చాచా ఇల్లు తీసుకుంటే తీసుకోనివ్వండి. నేనెక్కడైనా పని చేసుకుని అమ్మీని చూసుకుంటాను. కానీ నేను తాళం వేశానని అమ్మీకి..."

అర్జునరావు తాళంచెవి అందుకున్నాడు. ఆ పిల్ల ఒంటి వేడి అంతా దాన్లోనే ఉంది. అదే క్షణంలో వెనక గాజుగ్లాసులు గలగలమన్నాయి.

"యా అల్లా!"

చాంద్ సుల్తానా కళ్ళు అతని చేతిమీదే ఉన్నాయి. ట్రే బల్ల మీద పెట్టేసి పరుగున వచ్చి తాళంచెవి లాక్కుంది, కళ్ళకద్దుకుంది. "దొరికింది! గజాలా దగ్గరే ఉందా? మామగారు వెనక్కి తీసుకోలేదు కదూ! స్వాధీనం అన్నారే, అదేగా సార్ ఇది? గెలిచినట్టేనా?"

"చెల్లెమ్మా, ముందు కూర్చో. నేను చెప్పేది..."

"ఏం కూర్చోను సార్! వారం రోజులై మింగుడు పడని అన్నం ఈరోజు తింటాను." ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది, ఎవరి మాటా వినే స్థితిలో లేదు. "అమ్మీ, వద్దు" అని గజాలా మంచం దిగేలోపు, అర్జునరావు చెయ్యి చాచేలోపు, ఆమె కిటికీ రెక్కలు తోసి కిందికి వంగింది.

కింద సందు నిండా మనుషులే. గోడౌన్ల కూలీలు, రిక్షావాళ్ళు, అన్నం వేళకి మూస్తున్న దుకాణాలవాళ్ళు. కొట్టు గుమ్మంలో షానవాజ్, పక్కన పోలిరాజు.

"షానవాజ్! ఇదిగో చూడు, తాళంచెవి! నీ తండ్రి నా బిడ్డకే ఇచ్చాడు! వెనక్కి తీసుకోలేదు! ఆ సాయంత్రం ఈ కొట్టుకి తాళం వేసింది నా కూతురే! అందరూ వినండి, తాళం వేసింది నా గజాలాయే!"

సందులో మనుషులు తలలెత్తి చూశారు. షానవాజ్ రెండు చేతులూ పైకెత్తి, వద్దు వదినా వద్దు అన్నట్టు ఊపుతున్నాడు. పోలిరాజు తల దించుకుని సంచి జిప్పు మూసుకున్నాడు. ఇక అందులోని తాళంకప్పతో అవసరం లేదు, కావలసిన సాక్ష్యం ఊరందరూ విన్నారు.

చాంద్ సుల్తానా మరిది చేతుల వంక చూసింది. తర్వాత ఆ చేతుల వెనకున్న నీలం తలుపుల వంక, వంగిపోయిన గొళ్ళెం వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా కూతురివైపు తిరిగింది.

"లోపల గడియ వేసి ఉందన్నారు కదా బేటీ?" అని అడిగింది.